భానూరు గోడలకు కావలి కలదు, కిటికీలకు లేదు

పటాన్‌చెరువు నుండి శంకరపల్లికి పోవు త్రోవలో భానూరను గ్రామము కలదు. ఆ పేరు వినినంతనే నేడు మనకు భారత్ డైనమిక్స్ వారి కర్మాగారము స్ఫురించును. 1970లో హైదరాబాదున స్థాపింపబడిన ఆ ప్రభుత్వసంస్థకు భానూరు శాఖ ప్రధానాంగములలో నొకటి. కొంకుర్స్-ఎం, ఇన్వార్ అను యుద్ధశకటవిధ్వంసక క్షిపణులు అచ్చట తయారగుచున్నవి. ఆ చుట్టుప్రక్కలనే ఎద్దుమైలారమున సైన్యమునకు సారథ్ శకటములను నిర్మించు కర్మాగారమును, రామచంద్రాపురమున భెల్ వారి మహాయంత్రశాలయు కలవు. ఇట్టి చోట్లకు ఎత్తయిన గోడలు, ముండ్లతీగలు, సాయుధులైన కావలివారు, రాకపోకల చీట్లు ఉండుట సహజము, ఉండవలసినదే. శత్రువు గోడ దూకి వచ్చునను భయమున్న కాలమునకు ఆ యేర్పాట్లు చాలును.

కాని ఒక యంత్రములోని ప్రతి మరయు, ప్రతి బిళ్ళయు ఆ గోడలోపలనే పుట్టునని పాఠకులు తలంపరాదు. పటాన్‌చెరువు, పాశమైలారము, బొల్లారము పారిశ్రామికవాడలలో జాబ్ వర్కు చేసి బ్రతుకు చిన్న కార్ఖానాలు అనేకములు. రెండు లేతులు, ఒక సీఎన్‌సీ యంత్రము, పదిమంది పనివారు, ఒక మూల రేకుల గది, ఆ గదిలో ఒక పాత కంప్యూటరు: ఇదియే వాని ఐశ్వర్యము. పెద్ద కర్మాగారమువారి డ్రాయింగు ఈ కంప్యూటరునకే వచ్చును. టెండరు దాఖలు చేయుట దీనిమీదనే. జీఎస్టీ లెక్కలు, బ్యాంకు చెల్లింపులు, యజమాని కుమారుని సినిమాలు, గుమాస్తాగారి రైలు టికెట్లు అన్నియు దీనిమీదనే. భానూరు గోడ దూకలేని గూఢచారి ఈ రేకులగది కిటికీనుండి దూరును. ఆ కిటికీ పేరు బ్రౌజరు. దొంగ పేరు స్పైవేరు.

స్పైవేరనగా యజమానికి తెలియకుండ కంప్యూటరులోనో ఫోనులోనో కాపురము పెట్టి, అతడు వ్రాయు అక్షరములను, చూచు పుటలను, దాచుకొన్న పత్రములను, పాస్‌వర్డులను పరాయివానికి చేరవేయు ప్రోగ్రాము. వైరసు వచ్చిన యంత్రము మూలుగును, కూలబడును, ఎవరికైనను తెలియును. మంచి స్పైవేరు మూలుగదు. ఇంటివారికంటె ముందు లేచి, ఇంటివారు పండుకొనిన తరువాత పండుకొను పాత నౌకరువలె మెలగును. దీనిలోని ప్రమాదమంతయు ఈ వినయముననే యున్నది.

ఇది కల్పన కాదనుటకు దూరమేగ నక్కఱలేదు. సైడ్‌కాపీ అని పరిశోధకులు పేరు పెట్టిన ముఠా యొకటి కనీసము 2019 నుండి మన రక్షణశాఖకు సంబంధించిన వారిపై కన్ను వేసి యున్నది. 2020లో పూనా నగరపు క్విక్ హీల్ సంస్థవారు దానిని బయటపెట్టిరి. పాకిస్తానుతో సంబంధము గలదని పరిశోధకుల యభిప్రాయము. 2023లో ఈ ముఠా విసరిన గాలము మన డీఆర్‌డీఓ పేరుమీదనే యుండెను. కె-4 క్షిపణికి సంబంధించిన క్లీన్‌రూము వివరములను చూపు ప్రదర్శనపత్రము అన్నట్లు ఒక జిప్ కట్ట తయారుచేసిరి. కె-4 అనగా జలాంతర్గామినుండి ప్రయోగింపబడునది. హైదరాబాదు క్షిపణి ప్రయోగశాలలలోగాని, వానికి సరుకిచ్చు కార్ఖానాలలోగాని పనిచేయు మనిషికి అట్టి శీర్షిక కనబడిన వ్రేలు ఊరకుండునా?

ఆ కట్టలోని పత్రము నిజముగ పత్రము కాదు. పేరు చివర పీపీటీఎక్స్ అని కనబడినను దాని వెనుక ఎల్ఎన్‌కే అను మఱియొక తోక దాగియుండెను. విండోస్ వారు ఈ తోకను ఎన్నడును చూపరు. ఫైళ్ళ తోకలన్నియు చూపుమని మనము ఆజ్ఞాపించినను ఈ యొక్క తోకను మాత్రము దాచియే యుంచుదురు. ఇది వారి సౌకర్యమో మన దురదృష్టమో పాఠకులే నిర్ణయించవచ్చును. దానిని తెరచినంతనే విండోసులో మొదటినుండియు ఉన్న ఒక సాధు ప్రోగ్రాము మేలుకొని, ఇతరుల వెబ్‌సైటులో ముందే దాచియుంచిన లిపిని దిగుమతి చేసికొని నడపును. తెరమీద నిజమైన ప్రదర్శనపత్రమే కనబడును. చూచువాడు తృప్తి చెందును. వెనుక జరుగవలసినది జరిగిపోవును.

మనవారు మిక్కిలి శ్రద్ధతో గమనింపవలసినది దీని తరువాతి నడత. ఈ ముఠావారి ప్రోగ్రాము లోపల ప్రవేశించిన వెంటనే ఆ యింట ఏ కుక్క కాపలా యున్నదో విచారించును. క్విక్ హీలా, కాస్పర్‌స్కీయా, అవాస్టా, మఱియొకటియా అని చూచి, ఆ కుక్క మొరుగని దారిని ఎంచుకొని, కంప్యూటరు లేచిన ప్రతిసారియు తానును లేచునట్లు స్థిరనివాసము ఏర్పరచుకొనును. ఒకచో స్టార్టప్ అను అరలో, ఒకచో రిజిస్ట్రీ అను కంప్యూటరు చిట్టాలో తన పేరు వ్రాసికొనును. అందుచేత “నా కంప్యూటరులో యాంటీవైరసు ఉన్నది గదా” అని నిశ్చింతగ నుండువాడు తన కుక్క పేరును దొంగకు ముందే చెప్పియుంచినవాడగుచున్నాడు. యాంటీవైరసు వలదని మా యభిప్రాయము కాదు. అది యొక్కటే చాలునను భ్రమను గూర్చి చెప్పుచున్నాము.

తఱచు వినవచ్చు ఫిర్యాదు ఒకటి కలదు. “నిన్ననే శుభ్రము చేయించితిని, నేడు మఱల వచ్చినది, కంప్యూటరు మరమ్మతువాడు మోసగాడు” అని. మరమ్మతువాడు మోసగాడు కావచ్చును, కాకపోవచ్చును. కాని స్పైవేరు మఱల వచ్చుట దాని స్వభావము. ఈ జాతికి మూలపురుషుడు అనదగినది 2003లో లోకమును వేధించిన కూల్‌వెబ్‌సెర్చ్. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు బ్రౌజరులో జొరబడి, ఇంటిపుటను మార్చి, వెదకిన ప్రతి మాటను తన దారి పట్టించుకొనెడిది. యజమాని ఇంటిపుటను సరిచేసికొనును. మఱునాడు మఱల మార్చెడిది. ఒక రూపమును తొలగింపగనే ఇంకొక రూపము పుట్టెడిది. దీనితో పోరాడుటకు మెరిజ్న్ బెలెకొమ్ అను డచ్చి విద్యార్థి హైజాక్‌దిస్ అను చిన్న పరికరమును చేసి లోకమునకు ఉచితముగ నిచ్చెను. అది దేనిని చెడ్డదని చెప్పదు, దేనిని మంచిదని చెప్పదు. కంప్యూటరు లేచునపుడు తానును లేచు ప్రోగ్రాములు, బ్రౌజరునకు అంటుకొన్న అనుబంధములు ఎవ్వెవియో జాబితా వ్రాసి చూపును. తీర్పు మనిషిది. అట్టి జాబితా చూచి తీర్పు చెప్పగలవారు నాడు అరుదు. నేడును అరుదే.

కూల్‌వెబ్‌సెర్చ్ కథలో మాకు మిగుల విచారకరముగ తోచునది వేఱొకటి. అది లోనికి వచ్చుటకు వాడుకొన్న రంధ్రములలో ఒకటి మైక్రోసాఫ్టువారి జావా యంత్రములోనిది. ఆ రంధ్రమును పూడ్చు సవరణను 2003 ఏప్రిలులోనే ఆ సంస్థ విడుదల చేసెను. తెగులు విజృంభించినది మే మాసము మొదలు. మందు ముందు వచ్చెను, రోగము తరువాత వచ్చెను, అయినను రోగమే గెలిచెను. కారణము, మందు సీసాను ఎవ్వరును విప్పలేదు. ఇరువది యేండ్లు దాటినను స్పైవేరు చరిత్రలో అధికభాగము ఇదియే.

కావున తొలగించుటయు, రంధ్రము పూడ్చుటయు రెండు పనులు కావు. ఒకే పనికి రెండు చేతులు. ఎలుకను చంపి కన్నము విడిచిన రైతునకు ధాన్యము దక్కదు. ఎలుక లోపలనుండగా కన్నము మూసినను దక్కదు.

తొలగించు క్రమమును గూర్చి కొంత విపులముగ చెప్పుట అవసరము. ఏలయన, భయపడిన మనిషి మొదట చేయు పని ప్రాయికముగ తప్పుపని. అనుమానము కలిగినంతనే ఆ కంప్యూటరులోనే కూర్చుండి బ్యాంకు పాస్‌వర్డు మార్చువారు కలరు. అక్షరములను చదువుచున్న దొంగ యెదుట క్రొత్త తాళపుచెవి చేయించుటవంటిది ఇది. మొట్టమొదట ఇంటర్నెట్టు తీగను ఊడదీయవలయును, లేదా వైఫైని ఆపవలయును. తరువాత వేఱొక శుభ్రమైన యంత్రమునుండి పాస్‌వర్డులను మార్చి, ఈమెయిలు ఖాతాలో ఇతర పరికరములన్నిటిని వెడలగొట్టవలయును. ఈమెయిలులో మనకు తెలియని ఫార్వర్డింగు ఏర్పాటు ఏదైన చేరినదేమో చూడవలయును. దీనిని మఱచువారు మెండు. ప్రోగ్రామును తీసివేసినను ఉత్తరములు మాత్రము నెలల తరబడి దొంగకు పోవుచునే యుండవచ్చును.

పిమ్మట కంప్యూటరు. నడుచుచున్న విండోసు లోపలనుండి స్పైవేరును వెదకుట, దొంగనే సాక్షిగ పిలిచి విచారించుట వంటిది. వాడు ఏమి చూపదలచునో అదియే మనకు కనబడును. శుభ్రమైన వేఱొక యంత్రమున తయారుచేసిన పెన్‌డ్రైవునుండి కంప్యూటరును లేపి పరీక్షించుట మేలు. విండోసుతో వచ్చు డిఫెండరులోనే ఆఫ్‌లైను పరీక్ష యను సౌకర్యము కలదు; యంత్రమును తిరిగి లేపి, విండోసు మేలుకొనకమునుపే అది వెదకును. తరువాత స్టార్టప్ జాబితా, నిర్ణీతకాలమునకు నడచు పనుల జాబితా, సేవల జాబితా, బ్రౌజరు అనుబంధములు, ప్రాక్సీ అమరిక, హోస్ట్స్ అను పేర్లపట్టిక వరుసగా చూడవలయును. తరువాతి రెండింటిలో ఒక్క పంక్తి మారినను, బ్యాంకు చిరునామా వ్రాసి దొంగ యింటి తలుపు తట్టుట సంభవించును.

ఇంతచేసి శుభ్రమైనదని నమ్మవచ్చునా? ఇంటి కంప్యూటరు విషయమున నమ్మవచ్చునేమో. రక్షణశాఖ డ్రాయింగులున్న కంప్యూటరు విషయమున నమ్మరాదని మా నిశ్చితాభిప్రాయము. అట్టిచో పత్రములను మాత్రము ప్రక్కన దాచి, డిస్కును పూర్తిగ తుడిచి, విండోసును మొదటినుండి స్థాపించుటయే గతి. ఒక పూట పని చెడును, చెడనిండు. ప్రోగ్రాములను మాత్రము పాత డిస్కునుండి తిరిగి తెచ్చుకొనరాదు. ఇక డిస్కు తుడిచినను చావని జాతియు కలదు. 2018లో ఈసెట్ అను స్లోవాక్ సంస్థవారు లోజాక్స్ అను దానిని కనుగొనిరి; అది డిస్కులో గాక మదర్‌బోర్డు మీది యూఈఎఫ్ఐ చిప్పులో కాపురముండెను. కాని అట్టిది అరుదు. బొల్లారపు లేతు కార్ఖానాకు మదర్‌బోర్డు చిప్పు భయమునకంటె ముందు భయపడవలసినవి చాల కలవు.

వానిలో మొదటిది పాత విండోసు. మైక్రోసాఫ్టువారు విండోస్ 7నకు 2020 జనవరి 14న సవరణలను నిలిపివేసిరి. క్రోము బ్రౌజరులో 109వ కూర్పు ఆ విండోసుపై నడచు కట్టకడపటిది. 2023 ఆరంభమునుండి ఆ యంత్రములమీది క్రోము గడియారము ఆగిపోయినట్లే. విండోస్ 10నకును 2025 అక్టోబరు 14న సాధారణ సవరణలు ముగిసినవి. షరతులపై కొంతకాలము పొడిగింపు మాత్రము ఇచ్చిరి. ఇట్లుండగా సీఎన్‌సీ యంత్రముతోబాటు వచ్చిన ప్రోగ్రాము విండోస్ 7 మీదనే నడచును గనుక, ఆ కంప్యూటరును మార్చుటకు వీలులేదని యజమాని చెప్పును. ఆ మాట నిజమే. లక్షలు పోసి కొన్న యంత్రమును విండోసు కొఱకు పారవేయుమనుట వెఱ్ఱిసలహా. దానికి విరుగుడు వేఱు: ఆ కంప్యూటరునకు ఇంటర్నెట్టు ఈయవలదు. మెయిలు, బ్రౌజరు వేఱొక యంత్రమున నడపవలయును. రెంటికి నడుమ పెన్‌డ్రైవు మాత్రమే తిరుగవలయును. ఆ పెన్‌డ్రైవు ఇంటికిగాని, జెరాక్సు కొట్టుకుగాని పోకూడదు.

పెన్‌డ్రైవును తక్కువగ చూడరాదు. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ ఇంటర్నెట్టు లేని యంత్రములకు ప్రాకినది పెన్‌డ్రైవులద్వారానే. దానికి దారి చూపినదియు పైన చెప్పిన ఎల్ఎన్‌కే జాతి ఫైళ్ళలోని రంధ్రమే. దాని గురి ఇరానులోని అణుకేంద్రము. అయినను మిక్కిలిగ సోకిన దేశములలో ఇరాను, ఇండోనేషియాల తరువాత మన దేశమే మూడవది. మనమీద గురిపెట్టని బాణమే మనకంతగ తగిలినదన్న, గురిపెట్టిన బాణము మాట చెప్పనేల?

బ్రౌజరు సంగతికి వత్తము. ఒకప్పుడు మన సర్కారువారి టెండర్ల వెబ్‌సైటులు, కంపెనీల రిజిస్ట్రీ మొదలగునవి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరునే పట్టుకొని వ్రేలాడినవి. డిజిటల్ సంతకము పనిచేయుటకు జావా అప్లెటునకు అనుమతి ఇమ్ము, యాక్టివ్ఎక్స్‌నకు అనుమతి ఇమ్ము, హెచ్చరికలను ఆపివేయుము అని సూచనాపత్రములు ఉండెడివి. రంధ్రములను మూయుమని చెప్పవలసిన సర్కారే రంధ్రములను తెరచియుంచుడని నేర్పిన కాలము అది. 2022 జూన్ 15న ఆ బ్రౌజరునకు మైక్రోసాఫ్టువారు సెలవిచ్చిరి. వెబ్‌సైటులు మారినవి గాని ఆనాడు నేర్చిన యలవాటు గుమాస్తాల చేతులనుండి పోలేదు. ఏ పెట్టె తెరమీద లేచినను చదువకయే “సరే” యని నొక్కుట ఆ పాఠశాల చదువే.

నేటి బ్రౌజరులు వెనుకటివానికంటె ఎన్నియో మడుంగులు గట్టివి. 2023 ఆగస్టు నుండి క్రోమునకు వారవారము భద్రతాసవరణలు వచ్చుచున్నవి. అయినను మూడు లోపములు మనవైపున మిగిలియున్నవి. సవరణ దిగుమతియైనను బ్రౌజరును మూసి తెరచువఱకు అది అమలులోనికి రాదు. నలుబది పుటలు తెరచి నెలలకొలది కంప్యూటరును నిద్రపుచ్చి లేపువారికి సవరణ వచ్చియు రానట్లే. రెండవది ఎక్స్‌టెన్షనులు, అనగా బ్రౌజరునకు తగిలించుకొను అనుబంధములు. 2003లో కూల్‌వెబ్‌సెర్చ్ చేసిన పనిని నేడు ఇవి అధికారపూర్వకముగ చేయగలవు, ఏలయన మనమే వానికి “అన్ని వెబ్‌సైటులను చదువు”నట్టి యనుమతి ఇచ్చుచున్నాము. 2024 డిసెంబరులో సైబర్‌హేవెన్ అను భద్రతాసంస్థవారి అనుబంధమే దొంగల చేతబడి, వారు చేర్చిన దుష్టభాగముతో సవరణరూపమున వినియోగదారులకు చేరెను. దానిని వాడువారు సుమారు నాలుగు లక్షలు. నిన్నటి సాధువు నేడు దొంగయగుటకు ఒక్క సవరణ చాలును. రెండు మూడింటికంటె ఎక్కువ అనుబంధములు ఉంచుకొనకుండుటయే మేలు. మూడవది, పాస్‌వర్డులన్నియు బ్రౌజరులోనే దాచుకొని, ఆ కంప్యూటరునకు మాత్రము తాళము లేకుండుట. దీనిని గూర్చి వేఱుగ వ్రాయనక్కఱలేదు.

కార్ఖానాల మాట చెప్పి గ్రామములను విడుచుట న్యాయము కాదు. సంగారెడ్డి రైతునకు కంప్యూటరు లేకపోవచ్చును; ఫోను కలదు. పీఎం కిసాన్ పేరుమీద, రవాణాశాఖ చలాను పేరుమీద, బ్యాంకు కేవైసీ పేరుమీద వాట్సాపులో వచ్చు ఏపీకే ఫైళ్ళు ఇటీవలి సంవత్సరములలో మన తెలుగుదేశమున ఎందఱినో ముంచినవి. అవి పంపువాడు తఱచు తెలిసినవాడే, అనగా తెలిసినవాని ఫోను ముందే మునిగినదన్నమాట. ఏపీకేను స్థాపించినంతనే అది ఎస్ఎంఎస్‌లను చదువుటకు అనుమతి కోరును. అనుమతి ఇచ్చిన, బ్యాంకువారు పంపు ఓటీపీ మనకంటె ముందు వానికి చేరును. గుర్తును దాచుకొనును. “డివైస్ అడ్మిన్” అను అధికారము పొందినదేని తొలగింపబోయిన తొలగదు. అట్టిచో ఫోనును ఇంటర్నెట్టునుండి విడదీసి, సేఫ్ మోడులో లేపి, సెట్టింగులలో ఆ అధికారమును ముందు రద్దుచేసి, తరువాత తొలగింపవలయును. సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930కి ఫోను చేయవలయును. సొమ్ము చేతులు మారకముందు ఆపగలిగిన గడియలు కొలదిగనే యుండును. ఇరుగుపొరుగు నవ్వుదురను సిగ్గుతో ఒకరాత్రి ఊరకుండి పోగొట్టుకొన్నవారే అధికులు.

స్వదేశప్రయత్నములు లేవా? కలవు. 2017 ఫిబ్రవరి 21న కేంద్రప్రభుత్వము సైబర్ స్వచ్ఛతాకేంద్రమును తెరచెను. దానిద్వారా ఉచితముగ లభించు పరికరములలో కొన్నిటిని నిర్మించినది మన హైదరాబాదు సీ-డాక్ వారు. కంప్యూటరునకు తగిలించు పెన్‌డ్రైవులను అదుపుచేయు యూఎస్‌బీ ప్రతిరోధ్, అనుమతించిన ప్రోగ్రాములను మాత్రమే నడువనిచ్చు యాప్‌సంవిద్, బ్రౌజరులో దుష్టలిపిని పట్టుకొను బ్రౌజర్ జేఎస్‌గార్డ్, ఫోనులకు ఎం-కవచ్. వీనిలో యాప్‌సంవిద్ వెనుకనున్న యూహ మాకు మిక్కిలి నచ్చినది. దొంగల జాబితా వ్రాయుట అంతములేని పని. ఇంటివారి జాబితా వ్రాయుట సులభము. పదిమంది మాత్రమే రావలసిన ఇంటికి పదునొకండవవాడు వచ్చిన, వాడు దొంగయా కాడా యని విచారింప నక్కఱయే లేదు. రోజూ అవే నాలుగు ప్రోగ్రాములు నడపు కార్ఖానా కంప్యూటరునకు ఇంతకంటె తగిన కావలి లేదు. సీ-డాక్ పరికరమే కానక్కఱలేదు. విండోసులోనే అట్టి సౌకర్యములు కలవు. మన పారిశ్రామికవాడలలో దీని పేరు వినినవారు ఎందఱో మనమెఱుగుదుము. పరికరము తయారుచేసి కేంద్రపు గూటిలో పెట్టినంతమాత్రమున ప్రజలకు అందదు. పాశమైలారము గేటువద్ద ఒక బల్ల వేసికొని కూర్చుండి చూపువాడు కావలయును.

స్వదేశియైనంతమాత్రమున అభేద్యమనుటయు పొరబాటే. సీ-డాక్ వారి బాస్ లైనక్సును మన సర్కారు కార్యాలయములలో వాడుచున్నారు. 2025లో ట్రాన్స్‌పరెంట్ ట్రైబ్ అను ముఠా ప్రత్యేకముగ ఆ బాస్ లైనక్సునకే తగిన గాలము తయారుచేసెను. విండోసులో ఎల్ఎన్‌కే చేసిన పనిని అచ్చట డెస్క్‌టాప్ అను తోకగల ఫైలు చేసెను. మనము ఇల్లు మారిన, వాడును దారి మార్చుకొనును.

ఇంతవఱకు పరాయివాని గూఢచర్యమును గూర్చి వ్రాసితిమి. స్వదేశపు సర్కారు తన ప్రజలమీదనే ఇట్టి ఆయుధమును వాడిన? ఇజ్రాయేలుకు చెందిన ఎన్ఎస్ఓ సంస్థవారి పెగాసస్ విషయమున ఆ ప్రశ్న సుప్రీంకోర్టువఱకు పోయినది. తెలుగువారైన నూతలపాటి వెంకటరమణగారు ప్రధానన్యాయమూర్తిగ నున్న ధర్మాసనము 2021 అక్టోబరు 27న, దేశభద్రత యన్న మాట చెప్పినంతమాత్రమున విచారణ తప్పదని తేల్చి, విశ్రాంత న్యాయమూర్తి రవీంద్రన్‌గారి పర్యవేక్షణలో సంఘమును నియమించెను. 2022 ఆగస్టున ఆ సంఘము చెప్పినదేమన, పరీక్షించిన 29 ఫోనులలో ఐదింట ఏదో దుష్టప్రోగ్రాము కలదు, అది పెగాససే యని నిర్ధారింప వీలుకాలేదు, సర్కారు సహకరింపలేదు. తీర్పు మాట అటుంచి, పాఠకులు గమనింపవలసిన సాంకేతికవిషయము ఒకటి కలదు. 2023 సెప్టెంబరులో కెనడాలోని సిటిజన్ ల్యాబువారు పెగాసస్ వాడుచున్న ఒక రంధ్రమును కనుగొనిరి. బొమ్మ ఒకటి ఫోనునకు చేరిన చాలును, తాకనక్కఱయే లేదు. ఆపిలు వారు వెంటనే పూడ్చిరి. కొలది దినములలోనే ఆ జాతి లోపమే వెబ్‌పీ అను బొమ్మల గ్రంథాలయమున కలదని తేలి, క్రోము, ఫైర్‌ఫాక్సు మొదలగు బ్రౌజరులన్నియు తమ సవరణలను విడుదల చేసెను. రాజుల ఫోనులను దోచుటకు వాడిన కన్నమును, బొల్లారపు గుమాస్తా బ్రౌజరులోని కన్నమును ఒకే మట్టితో చేసినవి. రాజకీయాయుధములకొఱకు దాచిపెట్టు రంధ్రము ప్రతిదియు ప్రజలందఱి గోడలోను ఉండుననుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

ఇక కర్తవ్యమెవరిది? చిన్న కార్ఖానా యజమానిని నిందించుట సులభము. కాని అతని లెక్క చూడుడు. టెండరున తక్కువ ధర వేసినవానికే పని. క్రొత్త కంప్యూటరు, అసలు విండోసు, వేఱొక మెయిలు యంత్రము, ఏడాదికొకమారు పరీక్ష: వీని ఖర్చు ధరలో కలిపినవాడు పని పోగొట్టుకొనును, కలుపనివాడు సంపాదించును. అట్లు మన కొనుగోలు పద్ధతియే అజాగ్రత్తకు బహుమతి నిచ్చుచున్నది. అంతకంటె చెడ్డది భయము. 2022 ఏప్రిలు 28 నాటి సెర్ట్-ఇన్ ఉత్తరువు ప్రకారము సైబరు ప్రమాదమును గుర్తించిన ఆరు గంటలలో తెలుపవలయును. తెలిపిన యెడల పెద్ద కర్మాగారమువారు పట్టికనుండి తన పేరు కొట్టివేయుదురని జాబ్ వర్కు యజమాని భయపడును. అందుచేత రాత్రికి రాత్రి కుఱ్ఱవానిచేత డిస్కు తుడిపించి నోరు మూసికొనును. దానితో దొంగ ఏ డ్రాయింగు తీసికొనిపోయెనో చెప్పు జాడలును తుడిచిపెట్టుకొని పోవును. కావున డ్రాయింగులున్న యంత్రమున సంశయము కలిగిన, డిస్కు తుడుచుటకు ముందే దాని పూర్తి నకలు ఒకటి తీసి భద్రపరచి, డ్రాయింగు ఇచ్చినవారికి తెలుపవలయును.

రక్షణకర్మాగారముల కొనుగోలుశాఖలవారు ఈ రెండింటికిని నివారణ చేయగలరు. సరఫరాదారు కంప్యూటరు రక్షణకగు వ్యయమును ధరలో వేఱు పంక్తిగ అంగీకరించి, తక్కువ ధర పోలికనుండి దానిని మినహాయింపవచ్చును. ఇరువది కార్ఖానాలకు ఒక్క పరీక్షకుని చొప్పున తామే పంపవచ్చును. కందిలో ఐఐటీ యున్నది, 2008లో అది పుట్టినది ఎద్దుమైలారపు కర్మాగారపు ఆవరణలోనే, కావున మనిషిని వెదకుటకు దూరము పోనక్కఱలేదు. మఱియు, ప్రమాదమును తానై ఆరు గంటలలో తెలిపిన సరఫరాదారుని పేరు ఆ కారణముచేత పట్టికనుండి తొలగింపబడదని ఒప్పందపత్రమున ఒక్క వాక్యము చేర్పవచ్చును. దాచి పట్టుబడినవానిని మాత్రము తొలగింపవచ్చును. ఆ వాక్యము చేర్చుటకు బడ్జెటు అక్కఱలేదు. తరువాతి టెండరు పత్రము అచ్చు వేయుటకు ముందు ఒక అధికారి కలము తీసిన చాలును.